చలనచిత్రములలో కట్టడములు

మా మల్లాపూరునకు కూతవేటు దూరమున నాచారము కలదు. సుప్రసిద్ధ నటుడు నందమూరి తారక రామారావు నెలకొల్పిన రామకృష్ణా స్టూడియో ఆ నాచారముననే యున్నది. అందుచే ఈ ప్రాంతపు బాలబాలికలకు చలనచిత్రములపై మక్కువ మెండు. నేను ప్రధానోపాధ్యాయుడనుగా పనిచేయుచున్న కాలమున, ఎచటనో చిత్రీకరణము చూచి వచ్చిన యొక బాలుడు తరగతిలో లేచి నిలిచి, "సార్, తెరమీద చూచినప్పుడు అది గొప్ప రాజభవనము. దగ్గరకు పోయి చూచితిని. ముందు గోడ మాత్రమే ఉన్నది. వెనుక కొయ్యలు పాతి, గోనెపట్టాలు కట్టినారు. అంతయు అబద్ధమే కదా! సినిమాలలోని కట్టడములను చూచి మేము నేర్చుకొనదగినది ఏమున్నది?" అని యడిగెను.

తరగతిలోని పిల్లలందరును నవ్విరి. నేను నవ్వలేదు. ఆ ప్రశ్న చిన్నదైనను దాని లోతు గొప్పది. ఆనాడు నాకు తోచిన సమాధానమేదో చెప్పితిని. కాని సంపూర్ణమైన సమాధానము నాకు కొన్ని సంవత్సరముల తరువాతగాని దొరకలేదు. అది దొరకుటకు ముందు నేనొక పొరపాటు చేసితిని. ఆ సంగతి కూడ ఈ పాఠమున చెప్పెదను.

మనిషి కట్టిన ఇల్లు, కోట, గుడి, వంతెన మొదలగునవి కేవలము రాయియు సున్నమును కలిసిన ముద్దలు కావు. వానిని కట్టించిన వారి స్థితిగతులు, కట్టిన వారి నేర్పు, వానియందు బ్రదికిన వారి సుఖదుఃఖములు ఆ గోడలలో నిలిచియుండును. అయితే గోడ మాటాడదు. దానిచేత మాటాడించుటకు మానవుడు పలు సాధనములను కనిపెట్టెను. చిత్రలేఖనము అందులో మొదటిది. పిమ్మట ఛాయాచిత్రము వచ్చెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువున లాలా దీన్ దయాళ్ అను గొప్ప ఛాయాగ్రాహకుడుండెను. నిజాము ఆయనకు 'రాజా' బిరుదము నొసగెను. ఆయన 1905లో మరణించెను. ఆ తరువాత మూడేండ్లకు, అనగా 1908 సెప్టెంబరు 28వ తేదీన, మూసీనదికి ఘోరమైన వరద వచ్చి హైదరాబాదులో వేలాది గృహములను తుడిచిపెట్టెను. వరదకు పూర్వము నగరమెట్లుండెనో తెలిసికొనగోరువారికి దీన్ దయాళ్ తీసిన ఛాయాచిత్రములు నేటికిని కన్నులవంటివి.

ఛాయాచిత్రము ఒక క్షణమును పట్టి నిలుపును. చలనచిత్రము కాలప్రవాహమునే పట్టుకొనును. 1895 డిసెంబరు 28వ తేదీన పారిస్ నగరములో లూమియేర్ సోదరులు రుసుము తీసికొని ప్రజలకు కదలెడు బొమ్మలను చూపిరి. మరుసటి సంవత్సరము జూలై 7వ తేదీననే ఆ వింత బొంబాయిలోని వాట్సన్ హోటలునకు వచ్చి చేరెను. చలనచిత్రమునందు బొమ్మలు నిజముగా కదలవు. ఒక సెకనునకు 24 నిశ్చల చిత్రములు వరుసగా తెరపై పడుచుండును. వాని నడుమనున్న ఎడమును మన కన్నును, మెదడును గుర్తింపజాలవు. కావున మనకు ఎడతెగని చలనము కనుపించును.

ఈ చలనము వలన కట్టడములకు కలిగిన మేలు ఏమి? గోలకొండ కోటను ఉదాహరణముగా తీసికొందము. ఫతే దర్వాజా గుమ్మటము క్రింద నిలిచి చప్పట్లు చరచినచో, ఆ ధ్వని సుమారు ఒక కిలోమీటరు దూరమున కొండకొననున్న బాలాహిసారు కడ వినవచ్చును. శత్రువుల రాకను పైనున్నవారికి తెలియజేయుటకు ఆ కాలపు నిర్మాతలు చేసిన ఏర్పాటిది. ఎంత చక్కని ఛాయాచిత్రమైనను గుమ్మటమును చూపగలదేగాని చప్పట్లను వినిపింపలేదు. చలనచిత్రమో, చప్పట్లు చరచువానిని చూపి, పిమ్మట కొండపై చెవియొగ్గి నిలిచినవానిని చూపి, ఆ ధ్వనిని మనకు వినిపించి, కట్టడపు రహస్యమును అరనిమిషములో విప్పి చెప్పగలదు. రూపము, చలనము, శబ్దము, కాలము అను నాలుగును ఒకచోట కూడుటయే చలనచిత్రపు విశేషము.

చలనచిత్రకారులు కట్టడములను రెండు విధములుగా వాడుదురు. లేనిదానిని కల్పించి చూపుట మొదటిది. ఉన్నదానిని ఉన్నట్లు పట్టుకొనుట రెండవది. మా తరగతి బాలుడు చూచి వచ్చినది మొదటి విధము. దానినే సెట్టు అందురు. దానిని రూపొందించువాడు కళాదర్శకుడు.

సెట్టు అబద్ధమను మాట నిజమే. కాని ఆ అబద్ధమును నమ్మునట్లు చెప్పవలెనన్న ముందుగా నిజమును బాగుగా చదువవలెను. 1951లో బి. ఎన్. రెడ్డి తీసిన 'మల్లీశ్వరి' చిత్రకథ శ్రీకృష్ణదేవరాయల కాలమునాటిది. 1565లో విజయనగరము ధ్వంసమైనది. నేడు హంపికి పోయి చూచినచో గుడులును మండపములును కనుపించునుగాని, రాజప్రాసాదములకు మిగిలినవి చాలవరకు రాతి పునాదులే. వానిపై లేచిన కొయ్య కట్టడము ఏనాడో నశించినది. కావున రాయల అంతఃపురమును తెరపై చూపదలచిన కళాదర్శకుడు ఎ. కె. శేఖర్ ముందున్న పని సులభమైనది కాదు. మిగిలిన పునాదిని బట్టి మేడను, మిగిలిన గుడిస్తంభమును బట్టి అంతఃపుర స్తంభమును ఊహింపవలెను. విరిగిన కుండపెంకును చూచి కుండ రూపమును గీయువాని పనివంటి దిది.

1957లో కె. వి. రెడ్డి దర్శకత్వమున వెలువడిన 'మాయాబజార్' మరియొక ఉదాహరణము. దానికి కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్ అనువారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. అందులోని ద్వారకానగరము స్టూడియోలో సుమారు 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల చోటున ఏర్పరచిన బొమ్మల నగరము. దాదాపు 300 చిన్న చిన్న గృహములను చేసి, వానిలో విద్యుద్దీపములను వెలిగించిరి. తెరమీద చూచినవారికి అది సముద్రతీరమున వెలసిన మహానగరముగానే తోచెను. ఎందువలన? తెరమీద వస్తువు పెద్దదో చిన్నదో తెలుపునది దాని ప్రక్కనున్న మరియొక వస్తువు మాత్రమే. బొమ్మ ఇంటి ప్రక్కన మనిషి నిలిచినచో రహస్యము బయటపడును. నిలువకున్నచో మన కన్ను తనంతట తానే మోసపోవును. వడ్రంగులు, రంగులు వేయువారు, పోతపనివారు, దీపములు పట్టువారు మొదలగు ఎందరో పేరులేని పనివారల చేతిచలువ ఆ ద్వారకలో నున్నది.

నిన్న మొన్నటి సంగతి చెప్పవలెనన్న, 2003లో గుణశేఖర్ దర్శకత్వమున వెలువడిన 'ఒక్కడు' చిత్రమునకై కళాదర్శకుడు అశోక్ నగరపు వెలుపల చార్మినారునే మరల నిలబెట్టెను. అసలు చార్మినారు 1591లో కట్టబడినది. దాని చుట్టును రేయింబవళ్లు జనసమ్మర్దము. గాజుల దుకాణములు, తోపుడుబండ్లు, ప్రార్థనకు పోవువారు, చూడవచ్చినవారు! అట్టిచోట దినముల తరబడి చిత్రీకరించుట కుదరని పని. అందుచే నకలు పుట్టినది. నకలు చేసినవారు అసలు మీనారుల కమానులను, గచ్చుపని లతలను, మెట్ల వరుసలను కొలిచి గీసికొనక తప్పదు. కావున బాలలారా, సెట్టు వెనుక గోనెపట్టా యున్నమాట నిజమే. కాని సెట్టు ముందు భాగమున ఒక విద్య యున్నది. ఆ విద్యను గమనించినవానికి అసలు కట్టడమును చూచు కన్ను అబ్బును.

ఇక రెండవ విధము. ఉన్న కట్టడమునకే కెమెరాను తీసికొని పోవుట. ఈ మార్గమున మన తెలంగాణమునందు తీసిన చిత్రములు ప్రత్యేకముగా తెలిసికొనదగినవి.

తెలంగాణ పల్లెలలో పూర్వము దేశముఖులు, దొరలు నివసించిన కోటవంటి ఇండ్లను గడీలు అందురు. ఎత్తైన ప్రహరీగోడ, ఏనుగు పట్టునంతటి దర్వాజ, లోపల కచ్చేరి, దానివెనుక భవంతులు, ధాన్యపు కొట్లు, బావి, పశువుల కొట్టము గడీలో నుండును. ఊరిలోని ఇండ్లు మట్టిగోడలతో నేలకు కరచుకొని యుండగా, గడీ మాత్రము అన్నిటికంటె ఎత్తున నిలిచి ఊరినంతను కనిపెట్టి చూచుచుండును. ఆ ఎత్తు అందము కొరకు మాత్రమే కట్టినది కాదు. దర్వాజ కడకు వచ్చిన రైతు చెప్పులు చేతబట్టుకొని, "నీ బాంచెన్ దొరా" అని వంగి నిలువవలసియుండెను. వెట్టిచాకిరి చేయువారు ఆ గోడల నీడనే తమ ఆయువును కరగించిరి. 1946 మొదలు 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటము ఈ గడీల పెత్తనమును ఎదిరించినదే.

ఈ చరిత్రను 1980లో 'మా భూమి' అను చిత్రము తెరకెక్కించెను. కిషన్ చందర్ ఉర్దూలో వ్రాసిన నవల దీనికి ఆధారము. దర్శకుడు గౌతమ్ ఘోష్ వంగదేశీయుడు. నిర్మాతలలో నొకడు బి. నర్సింగరావు. ఈయన 1946లో గజ్వేలు సమీపమునందలి ప్రజ్ఞాపూరులో జన్మించెను. చిత్రకారుడు కూడ. 'మా భూమి' స్టూడియోలో గాక తెలంగాణ పల్లెలలోనే చిత్రీకరింపబడెను. మట్టిగోడలు, గూనపెంకులు, వాకిలి ముందరి అలుకు, గొంగడి, డప్పు, పల్లెపదము అన్నియు అందులో తమ సహజరూపమున కనుపించును.

నర్సింగరావు స్వయముగ దర్శకత్వము వహించి 1988లో తీసిన చిత్రము 'దాసి'. ఇది 1920 ప్రాంతమున ఒక గడీలో జీవించిన దాసి కథ. ఆమె పేరు కమలాక్షి. దొరసాని పెండ్లినాడు అరణముగా సామానులతో పాటు దాసీలను కూడ పంపు ఆచారము ఆ కాలమున నుండెను. అట్టి దాసికి సొంత ఇల్లు లేదు. సొంత ఇష్టము లేదు. తల్లి కావలెనను కోరికయైనను ఆమె చేతిలోనిది కాదు. ఈ చిత్రమున సంభాషణలు బహు స్వల్పము. మాటలు చెప్పవలసిన పనిని గోడలే చేసినవి. చీకటి నడవ, వెలుతురు పడిన వాకిలి, దాటరాని గడప, ఎక్కరాని మెట్టు, నీళ్లబిందె మోయుచు పోవు స్త్రీ ఇవియే కథను చెప్పును. దొర నివసించు విశాలమైన భవంతిని, దాసి మెలగు ఇరుకుచోటును చూచినంతనే, ఎవరును ఉపన్యసింపకయే ఆనాటి సంఘమెట్టిదో మనకు బోధపడును.

ఈ చిత్రమునకు కళాదర్శకుడు తోట వైకుంఠము. తెలంగాణ స్త్రీలను నిండైన రంగులలో, పెద్ద బొట్టుతో, మెడనిండ నగలతో చిత్రించి దేశమంతట పేరొందిన చిత్రకారుడాయన. ఛాయాగ్రాహకుడు ఒడిశాకు చెందిన ఎ. కె. బీర్. ఆ సంవత్సరపు జాతీయ చలనచిత్ర పురస్కారములలో 'దాసి' ఉత్తమ తెలుగు చిత్రముగా ఎన్నికైనది. నటి అర్చనకు ఉత్తమ నటి పురస్కారము, ఛాయాగ్రహణమునకు, కళాదర్శకత్వమునకు, వస్త్రాలంకరణకు వేరువేరుగా పురస్కారములు లభించెను. మొత్తము ఐదు. పెద్ద పెద్ద సెట్టులు లేని ఒక చిన్న చిత్రమునకు కళాదర్శకత్వ పురస్కారము లభించుట గమనింపదగినది. కళాదర్శకుని పని క్రొత్తగా కట్టుట మాత్రమే కాదు. ఉన్నదానిలో ఏది యుండవలెనో, ఏది తీసివేయవలెనో నిర్ణయించుట కూడ ఆయన పనియే. ఒక విద్యుత్తీగ కనుపించినచో 1920వ సంవత్సరము పారిపోవును.

మన సంస్కృతి గోడలలోనే లేదు. మగ్గముపై నేసిన బట్టలో నున్నది, ఆటలో నున్నది, పాటలో నున్నది. హైదరాబాదు సమీపమున తిరుమలగిరిలో జన్మించిన శ్యామ్ బెనగల్ 1987లో 'సుస్మన్' అను హిందీ చిత్రమును తీసెను. అది మల్లాపూరునకు తూర్పుగానున్న పోచంపల్లి నేతపనివారల జీవితమును గూర్చినది. పోచంపల్లి నేతలో ముందు బట్టను నేసి పిమ్మట రంగులు వేయుట యుండదు. నూలునే ముందుగా లెక్కప్రకారము గట్టిగా కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, ముడులు విప్పి, మరల కట్టి మరియొక రంగులో ముంచుదురు. నేయునప్పుడు ఆ రంగులు ఒకదానికొకటి సరిపడి బొమ్మ పుట్టును. ఒక్క పోగు జరిగినను బొమ్మ చెదరును. ఇట్టి పనిని గ్రంథమునందు వర్ణించినచో పది పుటలైనను చాలవు. కదలెడు చేతులను చూపినచో బాలునికైనను అర్థమగును. చలనచిత్రము చేతిపనుల పాలిట ఉత్తమ లేఖకుడు.

శిల్పము సంగతియు ఇట్టిదే. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప దేవాలయమును కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేసెను. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించెను. నల్లని గట్టిరాతిలో చెక్కిన మదనికా శిల్పములు ఆ గుడికి వన్నె తెచ్చినవి. అట్టి శిల్పమును కెమెరాతో పట్టుట ఎట్లు? వెలుతురు ఎదురుగా పడినచో శిల్పము చదునై పలకవలె కనుపించును. ప్రక్కనుండి ఏటవాలుగా పడినచో ఒంపుసొంపులు, నగల నకాసీ, వ్రేళ్ల కొనలు తేటపడును. అందుచే ఛాయాగ్రాహకుడు సూర్యుని రాకపోకలు తెలిసికొని ఉదయముననో సాయంకాలముననో కాచుకొని యుండును. గోపురమును చూపుటకు కెమెరాను పైకెత్తినచో గోడలు పైకి పోవుకొలది ఒకదానిపై నొకటి వాలినట్లు తోచును. ఆ దోషము రాకుండ దూరముగ జరిగి, కెమెరాను నిట్టనిలువుగ నుంచవలెను. ముందు గుడి అంతయు కనుపించు దూరదృశ్యము, పిమ్మట ఒక స్తంభమును చూపు మధ్యదృశ్యము, ఆపై ఒక నాట్యకత్తె పాదమును చూపు సమీపదృశ్యము. ఈ వరుసలో చూపినచో చూచువాడు దారితప్పడు.

రామప్ప గోపురమునకు వాడిన ఇటుకలు నీటిపై తేలునంత తేలికైనవి. ఒక గిన్నెడు నీటిలో ఇటుకను విడిచి చూపినచో, నూరు మాటలు చెప్పనక్కరలేదు. కాకతీయుల కాలమున జాయపసేనాని 'నృత్తరత్నావళి' అను నాట్యశాస్త్ర గ్రంథమును రచించెను. ఆ గ్రంథమును, రామప్ప శిల్పములను ఆధారముగా చేసికొని నటరాజ రామకృష్ణ పేరిణి తాండవమును పునరుద్ధరించెను. రాతిలోని భంగిమను, దాని వెంటనే నర్తకుని దేహములోని అదే భంగిమను చూపినప్పుడు, ఎనిమిది వందల ఏండ్ల దూరము ఒక్క రెప్పపాటులో తరిగిపోవును. ఇట్టి సంధానము చలనచిత్రపు కూర్పునకు మాత్రమే సాధ్యము.

ఇప్పుడు నా పొరపాటును చెప్పెదను. పాత మల్లాపూరులో ఒక భవంతి ఇల్లు ఉండెడిది. నడుమ వాకిలి, నలుదిక్కుల వసారా, డంగుసున్నపు గోడలు, గూనపెంకుల కప్పు. దర్వాజపై చెక్కిన పద్మములను చూచుచు నేను ప్రతిదినము పాఠశాలకు పోవుచుండెడివాడను. దానిని చిత్రీకరింపవలెనని పలుమారులు అనుకొంటిని. "దసరా సెలవులు గడచిన పిమ్మట చూతములే" అని తలచితిని. సెలవులు గడచినవి. నేను వచ్చి చూచునప్పటికి అచట ఎర్రమట్టి నేలయు, యంత్రపు పండ్ల గీతలును మాత్రమే మిగిలినవి. దర్వాజను ఎవరో కొని తీసికొనిపోయిరట. దానిపై ఎన్ని పద్మములు ఉండెనో కూడ నేను లెక్కింపలేదు. ఆనాటి చింత నేటికిని నన్ను వీడలేదు.

మరి కొంతకాలమునకు మా పాఠశాలలోని ఒక బాలిక వచ్చి, తమ నానమ్మ ఇంటిని పడగొట్టి అంతస్తుల మేడ కట్టబోవుచున్నారని చెప్పెను. ఈసారి ఆలసింపలేదు. పెండ్లిండ్లకు వీడియోలు తీయు నొక యువకుని వద్ద కెమెరాను ఎరవు తెచ్చుకొని, ఎనమండుగురు విద్యార్థులతో ఆ ఇంటికి పోతిమి. మొదటి దినమున తీసినదంతయు వ్యర్థమైనది. పిల్లలు ఉత్సాహముతో కెమెరాను గిరగిర త్రిప్పిరి. తెరపై చూచినచో తల తిరుగుటయేగాని ఇల్లు కనుపింపలేదు. అప్పుడు వారిచేత టేపుతో గదులను కొలిపించి, ఇంటి పటమును గీయించితిని. ఏ ద్వారమునుండి ఏ వైపునకు వెలుతురు వచ్చునో గుర్తింపజేసితిని. పటము గీచిన చేతికి ఇల్లు తెలిసినది. మరునాడు తీసిన చిత్రము చక్కగ వచ్చినది.

నానమ్మను వీధి దర్వాజనుండి పెరటి బావి వరకు మెల్లగా నడువుమని కోరితిమి. ఆమె వెనుక కెమెరా నడిచెను. ఆమె గడప కడ ఆగి, "సారూ, గీ గడపకే నా పెండ్లినాడు పసుపు రాసిన. గా గూట్ల దీపం పెడ్తుంటిమి. గీ అర్రల మా అత్త వడ్లు పోస్తుండె. పైన దంతెలు సూడుండ్రి, ఒక్కటన్న పురుగు పట్టలె" అని చెప్పుచు, గోడను చేతితో నిమిరెను. అర్ర, గూడు, దంతె అను మాటలను మా పిల్లలలో సగము మంది ఎరుగరు. ఆ దినమున వారు ఇంటినే గాక, ఇంటితో పాటు కూలిపోవనున్న మాటలను కూడ పట్టుకొనిరి.

ఇల్లు పడగొట్టిరి. మేడ లేచినది. ఒక సాయంకాలము ఆ మేడలోని మూడవ అంతస్తున మేము నానమ్మకు ఆ చిత్రమును చూపితిమి. పదునెనిమిది నిమిషముల చిత్రమది. ఆమె రెప్పవాల్చక చూచెను. ముగిసిన పిమ్మట కొంతసేపు పలుకలేదు. తరువాత, "ఇండ్ల నా ఇల్లున్నది గని, దాని సల్లదనం లేదు సారూ" అనెను.

చలనచిత్రమును గూర్చి నేను చదివిన గ్రంథములన్నిటికంటె ఈ ఒక్కమాట గొప్పది. డంగుసున్నపు గోడ వేసవిలో ఇచ్చు చల్లదనమును కెమెరా పట్టజాలదు. తొలకరి పడినప్పటి మట్టివాసనను పట్టజాలదు. కట్టడము నిలిచియున్నప్పుడు దానిని నిలుపుకొనుటయే ఉత్తమము. అది అసాధ్యము కాదు. కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటను శ్రద్ధతో బాగుచేసినందుకు 2022లో యునెస్కో వారి ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారము లభించినది. నిలుపుకొనుటకు వీలుకానప్పుడు చిత్రము రెండవ ఉపాయము. ఏమియు చేయక ఊరకుండుట మాత్రము ఉపాయము కాదు.

చిత్రము తీసినంతనే పని ముగియదు. చిత్రము కూడ నశించునదే. 1921లో రఘుపతి ప్రకాశ్ తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' తెలుగువారి తొలి మూగచిత్రముగా ప్రసిద్ధము. దాని ప్రతి నేడొక్కటియు దొరకుట లేదు. ఆ కాలపు ఫిల్ము సులభముగ మండునట్టి నైట్రేటు పదార్థముతో చేసినది. వేడికిని తేమకును త్వరగా చెడును. ఇట్టి నష్టములను అరికట్టుటకే 1964లో పూణేలో జాతీయ చలనచిత్ర భాండాగారము స్థాపింపబడినది. నేటి మీ చేతిఫోనులోని చిత్రమైనను ఫోను పగిలినచో పోవును. కావున రెండు మూడు చోట్ల ప్రతులుంచవలెను. తీసిన తేదీ, ఊరు, ఇంటివారి అనుమతి, మాటాడినవారి పేరు వ్రాసియుంచవలెను. పేరులేని చిత్రము చిరునామాలేని ఉత్తరము వంటిది.

బాలబాలికలారా! మీ ఊరిలో పాత బావియో, మెట్ల కోనేరో, బురుజో, మసీదో, గుడియో, కుమ్మరి ఆవమో, మగ్గపు గుంతయో యుండును. ముందు దాని ప్రక్కన కూర్చుండి చూడుడు. పిమ్మట కొలిచి పటము గీయుడు. అచటి పెద్దలను అడిగి దాని భాగముల పేరులు తెలిసికొనుడు. ఆ తరువాతనే కెమెరాను చేతబట్టుడు. నిలుకడగ, తొందరపడక, ఒక మనిషిని ప్రక్కన నిలిపి, దాని ఎత్తు తెలియునట్లు తీయుడు. సెలవులు గడచిన పిమ్మట చూతములే అని మాత్రము అనుకొనకుడు.

ఆనాడు తరగతిలో ప్రశ్న యడిగిన బాలునకు నేనీయవలసిన సమాధానము ఇప్పుడు నాకు తెలిసినది. నాయనా, సెట్టు వెనుక గోనెపట్టా యుండుట తప్పు కాదు. దాని ముందరి గోడను నిజమనిపించునట్లు చేయుటకు ఎవడో ఒకడు అసలు గోడను ప్రేమతో చూచినాడు. నీవును అట్లు చూడుము. నీవు చూచిన ఆ గోడ రేపు ఉండకపోవచ్చును.